‘కోచే మనల్ని ఓడించాడు’ అనొచ్చా?

సందేహం: మా మిత్రబృందంలో అందరం ఇంగ్లండ్ ఫుట్‌బాల్ జట్టు మాంచెస్టర్ యునైటెడ్ అభిమానులం. 2024-25 సీజన్‌లో మా జట్టు పడిన పాట్లు ఇంకా మాకు మానని పుండే. మొన్న ఆ మాటలొచ్చినప్పుడు ఒకడు ‘కోచే మనల్ని ఓడించాడు’ అన్నాడు. ఇంకొకడు ‘ఓడించేది అవతలి జట్టురా, సొంత కోచ్ ఎలా ఓడిస్తాడు, ముందు తెలుగు నేర్చుకో’ అన్నాడు. నేను మధ్యలో దూరి ‘ఏదైనా అప్పుడే కోచ్ మారాల్సింది’ అన్నాను. ఆయన తన పద్ధతి మార్చుకోవాల్సింది అని నా ఉద్దేశం, కానీ సగం మందికి ఆయన్ని పీకేయాల్సింది అన్నట్టు వినపడింది. ఈ గొడవ చాలదన్నట్టు మరొకడు ‘బంతిని ఒక్కసారి కూడా తన్ననివాళ్లు మనం ఓడిపోయాం అనడమేంటి’ అని మొదలుపెట్టాడు. మాలో ఎవరి తెలుగు తప్పు?

సమాధానం: ఎవరిదీ తప్పు కాదండీ, ‘తెలుగు నేర్చుకో’ అన్నాయన తొందర తప్ప. ఫుట్‌బాల్లో నేను పండితుణ్ణి కాను, మ్యాచ్‌లు చూస్తాను, అంతే. కానీ మీ గొడవలో సగం ఫుట్‌బాల్ గురించి కాదు, తెలుగు క్రియల గురించి. ఎవరు చేశారు, ఎవరికి జరిగింది అన్నది తెలుగులో క్రియ రూపంలోనే తెలిసిపోతుంది, మనం గమనించకుండానే నింద అటో ఇటో తోసేస్తుంటాం.

ముందు ‘ఓడించు’ సంగతి. ఆడు, ఆడించు. నవ్వు, నవ్వించు. ఓడు, ఓడించు. చివర ‘ఇంచు’ చేరిందంటే ఆ పని ఇంకొకరి చేత జరిగేలా చేయడమని అర్థం. ఓడించడమంటే ఓడిపోయేలా చేయడం, అంతవరకే. అలా చేసింది ప్రత్యర్థే అయి ఉండాలని ఆ మాటలో ఎక్కడా లేదు. ఆటల వార్తల్లో ‘ఫలానా జట్టు ఫలానా జట్టును ఓడించింది’ అని పొద్దస్తమానం చదవడం వల్ల ఓడించేవాడి కుర్చీ ప్రత్యర్థిదే అని మనకి అలవాటైపోయింది. 2025 మే 21న స్పెయిన్‌లోని బిల్బావోలో జరిగిన యూరోపా లీగ్ (యూరప్ క్లబ్‌ల పోటీ) ఫైనల్లో మరో ఇంగ్లండ్ జట్టు టాటెన్‌హామ్ 1-0తో యునైటెడ్‌ను ఓడించింది. ఇది మామూలు వాడుక. కానీ ఎన్నికల మాటలు గుర్తు తెచ్చుకోండి. ‘ప్రజలు ఆయన్ని ఓడించారు’ అంటాం, ప్రజలు ఆయన మీద పోటీ చేయలేదు కదా. ‘సొంతవాళ్లే ఓడించారు’ అనైతే ఓడిన ప్రతి నాయకుడి అనుచరులూ అంటారు. కాబట్టి ‘కోచే మనల్ని ఓడించాడు’ నిక్షేపమైన తెలుగు. ఆ వాక్యంలో ఉన్న కసి అంతా అక్కడే ఉంది, ప్రత్యర్థి కూర్చోవాల్సిన కుర్చీలో మీవాడు సొంత కోచ్‌ని కూర్చోబెట్టాడు. ‘ఓడగొట్టాడు’ అని ఉంటే ఇంకా ఘాటు, చెడగొట్టు, పడగొట్టు లాంటి మాటల్లోని దెబ్బ అందులో వినపడుతుంది.

మీవాడి వాక్యంలో నేను తప్పు పట్టాలంటే ‘ఓడించాడు’ని పట్టను, ‘కోచే’లోని ఆ చిన్న ఏత్వాన్ని పడతాను. కోచ్ ఓడించాడు అనడం వేరు, కోచే ఓడించాడు అనడం వేరు. రెండోదానికి అర్థం కోచ్ తప్ప ఇంకెవరూ కాదని. ‘కోచ్ వల్ల ఓడాం’ అంటే మిగతా కారణాలకి తలుపు తెరిచి ఉంచినట్టు, ‘కోచ్ వల్లే’ అన్నామా తలుపేసి గడియ పెట్టినట్టు. ఆ సీజన్ లెక్క చూడండి: ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్‌లో 38 మ్యాచ్‌లు, 18 ఓటములు, 42 పాయింట్లు, 20 జట్లలో 15వ స్థానం. ఆ 18 ఓటముల్లో 4 ఎరిక్ టెన్ హాగ్ కోచ్‌గా ఉండగా వచ్చినవి, ఆయన్ని 2024 అక్టోబరు 28న పంపించేశారు. మిగతా 14 నవంబరులో వచ్చిన రూబెన్ అమోరిమ్ ఖాతాలోవి. మధ్యలో తాత్కాలికంగా చూసుకున్న వాన్ నిస్టెల్‌రాయ్ లీగ్‌లో ఓడనే లేదు, ఆడిందే రెండు మ్యాచ్‌లనుకోండి. ఇప్పుడు ‘కోచే’ అంటే ఏ కోచే? పైగా టెన్ హాగ్ హోదా మేనేజర్, అమోరిమ్‌ని తెచ్చుకున్నది హెడ్ కోచ్ అనే పేరుతో. జట్టు మొత్తాన్ని తన చేతుల్లో పెట్టుకునే పాతకాలపు మేనేజర్ కాదన్నమాట. ఆటగాళ్లని కొనేవాళ్లు, అమ్మేవాళ్లు వేరే ఉన్నప్పుడు ఏత్వం వాడేముందు కాస్త ఆగాలి. తెలుగులో మనం ఇద్దర్నీ కోచ్ అనే అంటాం, మేనేజర్ అంటే మనకి బ్యాంకు గుర్తొస్తుంది మరి.

అసలు ఓడినప్పుడు మనం వాడే మాటల్ని వరసలో పెట్టి చూస్తే భలే ఉంటుంది. ఓడిపోయాం అంటాం, గెలిచేశాం అంటాం. ‘ఓడేశాం’ అనం. ‘పోవు’ చేరిన క్రియల్లో చాలావాటికి మన ప్రమేయం లేకుండా జరిగిందన్న ఛాయ ఉంటుంది: పడిపోయాడు, అలిసిపోయాడు, మరిచిపోయాడు. ‘వేయు’ చేరినవాటిలో చేసినవాడి చొరవ కనపడుతుంది: తినేశాడు, రాసేశాడు, చెప్పేశాడు. అంటే గెలుపేమో మనం చేసిన పని, ఓటమేమో మనకి జరిగిన సంగతి. ఏ అభిమానీ కూర్చుని ఆలోచించి పెట్టిన ఏర్పాటు కాదిది, భాషే పెట్టింది.

దీనికంటే నాకు ఇష్టమైనది ‘జారు’. మ్యాచ్ చేజారింది అన్నామంటే ఎవరి తప్పూ లేదు, తడి సబ్బులా దానంతటదే జారింది. చేజార్చారు అంటే జార్చినవాడొకడున్నాడు. చేజార్చుకున్నారు అంటే జార్చిందీ వాళ్లే, నష్టపోయిందీ వాళ్లే, ‘కొను’ చేరగానే ఫలితం తిరిగొచ్చి చేసినవాడి నెత్తినే పడుతుంది. దీనికి ముందు ‘చేజేతులా’ కూడా తగిలించామంటే ఇక వాదించడానికేం మిగల్దు. ఒకే మ్యాచ్, ఒకే స్కోరు, మూడు క్రియలు, మూడు తీర్పులు. బిల్బావో ఫైనల్లో టాటెన్‌హామ్ గోలు 42వ నిమిషంలో వచ్చింది, ఆ తర్వాత విరామం పోను సగం మ్యాచ్ మిగిలే ఉంది, అయినా యునైటెడ్ ఒక్క గోలూ వేయలేకపోయింది. దీన్ని చేజారింది అంటారా, చేజార్చుకున్నారు అంటారా? అది మీరే తేల్చుకోవాలి, నేను మాత్రం రెండోదే వాడతాను.

ఇక మీరన్న ‘కోచ్ మారాల్సింది’. ఇక్కడ మిమ్మల్ని తప్పుగా అర్థం చేసుకున్నవాళ్లని నేను అనను, ఆ వాక్యానికి నిజంగానే రెండు అర్థాలున్నాయి. మారడమంటే గుణం మారడం కావచ్చు, మనిషే మారి ఆ చోటికి ఇంకొకరు రావడం కావచ్చు. అయితే ఒక చిన్న కిటుకు ఉంది. ‘ప్రభుత్వం మారాలి’ అంటే ప్రభుత్వం బుద్ధి తెచ్చుకోవాలని ఎవరూ అనుకోరు, దిగిపోవాలనే అనుకుంటారు. ‘మావాడు మారాలి’ అంటే వాడి బదులు ఇంకొకణ్ణి తెచ్చుకుంటామని కాదు, వాడి తీరు మారాలని. పదవి పేరు చెబితే చెవి ‘వేరే మనిషి’ వైపు వెళుతుంది, మనిషి పేరు చెబితే ‘వేరే తీరు’ వైపు వెళుతుంది. మీరు ‘అమోరిమ్ మారాల్సింది’ అని ఉంటే ఈ రభస జరిగేది కాదు. లేదా ‘మార్చుకోవాల్సింది’ అనండి, మళ్లీ ఆ ‘కొను’నే సాయం అడగండి: కోచ్ పద్ధతి మార్చుకోవాల్సింది. అవతలివాళ్లది ‘కోచ్‌ని మార్చాల్సింది’. అమోరిమ్ తన పాత క్లబ్ స్పోర్టింగ్ నుంచి తనతో తెచ్చుకున్న 3-4-3ని, అంటే వెనక ముగ్గురు సెంటర్ బ్యాక్‌లతో ఆడే ఆ పద్ధతిని, ఎంతమంది విమర్శించినా ఆ సీజన్‌లో వదల్లేదు. కాబట్టి మీ ‘మార్చుకోవాల్సింది’కి అర్థముంది, వాళ్ల ‘మార్చాల్సింది’కీ అర్థముంది, రెండూ ఒకే వాక్యంలో ఇరుక్కోవడమే చిక్కు.

మాటలో మాట, పత్రికలు వాడే ‘ఉద్వాసన’ కూడా ఇక్కడ చెప్పుకోవాలి. పూజ చివర దేవుణ్ణి సాగనంపే క్రియ అది, మొదట ఆవాహన చేసినవాళ్లకే చివర ఉద్వాసన. కోచ్‌ల విషయంలో ఇంతకంటే సరిపోయే మాట ఉండదని నాకనిపిస్తుంది, పూలతో పిలుస్తారు, నీళ్లొదిలి పంపిస్తారు. కప్పు గెలిపించినా ఆగదది. ఆ యూరోపా లీగ్ గెలిపించిన టాటెన్‌హామ్ కోచ్ పోస్టెకోగ్లూని జూన్ 6న, అంటే ఫైనల్ అయిన 16 రోజులకే తీసేశారు. లీగ్‌లో 17వ స్థానం మరి.

మీరు అడగలేదు గానీ మీ వాదనల్లో ఇది కూడా వచ్చే ఉంటుంది, ‘జట్టులోంచి తీసేశారు’ అనే మాట. మనకి ‘జట్టు’ ఒక్కటే. క్లబ్ చేతిలో ఉన్న మొత్తం ఆటగాళ్లూ జట్టే, ఆ రోజు మైదానంలోకి దిగే పదకొండు మందీ జట్టే. యునైటెడ్ ఆటగాడు రాష్‌ఫర్డ్‌ని చూడండి. 2024 డిసెంబరు 15న మాంచెస్టర్ సిటీతో మ్యాచ్‌కి ఆయన్ని అసలు బెంచ్ మీదకి కూడా తీసుకోలేదు, ఫిబ్రవరిలో ఆస్టన్ విల్లా అనే వేరే క్లబ్‌కి లోన్ మీద, అంటే కొంతకాలానికి అరువుగా పంపారు. రెండింటినీ ‘తీసేశారు’ అంటే వినేవాడికి ఏం తెలుస్తుంది? మొదటిది పక్కన పెట్టడం, రెండోది పంపించేయడం. పదకొండు మందికైతే ‘తుది జట్టు’ అని పత్రికల మాట ఎలాగూ ఉంది, మీరూ వాడుకోండి. అన్నట్టు ఆ సిటీ మ్యాచ్ యునైటెడ్ 2-1తో గెలిచింది, ఆ రోజు ‘కోచే గెలిపించాడు’ అని మీ బృందంలో ఎవరైనా అన్నారేమో గుర్తు చేసుకోండి.

చివరిది ‘మనం’. బంతి తన్ననివాళ్లకి మనం ఎందుకన్న ఆ పెద్దమనిషికి నా తరఫున ఒక సంగతి చెప్పండి. 1976లో అచ్చయిన ఒక అధ్యయనం కోసం అమెరికాలో రాబర్ట్ చాల్డీని అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన బృందం విశ్వవిద్యాలయ విద్యార్థులకి ఫోన్లు చేసి, వాళ్ల ఫుట్‌బాల్ జట్టు ఆడిన మ్యాచ్ ఏమైందని అడిగారు. వాళ్ల ఫుట్‌బాల్ వేరు, అభిమానం ఒకటే. గెలిచిన మ్యాచ్ గురించి చెప్పేటప్పుడు ‘మేము’ అన్నవాళ్లు ఎక్కువగా దొరికారు, ఓడిన మ్యాచ్‌కి వచ్చేసరికి అది బాగా తగ్గింది. గెలిస్తే మనం, ఓడితే వాళ్లు అన్నమాట. అలాంటిది, 15వ స్థానంలో ఉన్న జట్టు గురించి కూడా మీవాళ్లు ‘మనం ఓడిపోయాం’ అంటున్నారంటే దాన్ని తప్పు పట్టడానికి నాకు మనసొప్పదు.

కాకపోతే ఇంగ్లీషు వాళ్లకి ఒక్క మాటే, మనకి రెండున్నాయి. ఎదుటివాణ్ణి కలుపుకుంటే మనం, కలుపుకోకపోతే మేము. మీలో మీరు మాట్లాడుకునేటప్పుడు మనం ఓడిపోయాం. లివర్‌పూల్ అభిమానితో చెప్పేటప్పుడు మేం ఓడిపోయాం, అక్కడ పొరపాటున మనం అన్నారంటే ఆయన నవ్వుతాడు. ఇది చిన్న విషయం కాదు, అనువాదం చేసేవాడికి చుక్కలు కనిపించేది ఇక్కడే. 2025 జనవరి 19న సొంత మైదానంలో బ్రైటన్ చేతిలో 3-1తో ఓడాక అమోరిమ్ విలేకరులతో, యునైటెడ్ చరిత్రలోనే బహుశా మేం అతి చెత్త జట్టు అన్నాడు, ఇదిగో మీ హెడ్‌లైన్ అని కూడా వాళ్లకే అందించాడు. ఎదురుగా ఉన్నది విలేకరులు కాబట్టి నేను ‘మేం’ అని రాశాను. ఇదే మాట గదిలో ఆటగాళ్ల ముందు అని ఉంటే ‘మనం’ అని రాయాలి. ఇంకెవరైనా ‘నా జట్టు చెత్త జట్టు’ అని రాస్తే మాత్రం ఆయన తనని తాను కలుపుకున్న సంగతి మాయమైపోయి, పాపం, ఆటగాళ్ల మీద నెపం నెట్టినవాడిగా మిగిలిపోతాడు.

మనం అనడానికీ మనసు రాక, వాళ్లు అనడానికీ నోరు రాక ఇబ్బంది పడేవాళ్ల కోసం తెలుగులో ఒక మధ్యేమార్గం ఉంది, మీరు రోజూ వాడుతూనే ఉండి ఉంటారు: మనవాళ్లు. ‘మనవాళ్లు ఓడిపోయారు’. మొదట్లో ‘మన’ ఉంది, చివర్లో ‘రు’ ఉంది, చుట్టరికం ఒప్పుకుంటూనే ఆ పని మాత్రం వాళ్లదే అంటున్నాం. బంతి తన్నని పెద్దమనిషికి ఇది ఇవ్వండి, కాదనడు.

‘శిక్షకుడు’ అన్న మాటలో శిక్ష ఎందుకుందని కూడా కింద చిన్న అక్షరాల్లో అడిగారు. సంస్కృతంలో శిక్షకి నేర్చుకోవడం అనే అర్థముంది, శిక్షణ అందులోంచి వచ్చిందే. దండన అనే అర్థమే మనకి ఎక్కువ అలవాటు. ఆ సీజన్ మొత్తం కూర్చుని చూసినవాళ్లు రెండర్థాల్లో ఏది తీసుకున్నా నేను అభ్యంతరం చెప్పను.