విదేశంలో ఉన్న స్నేహితురాలి క్యాన్సర్ వైద్యానికి నేను ఎంత ఇవ్వగలను?

ప్రశ్న: వేరే దేశంలో ఉంటున్న నా చిన్ననాటి స్నేహితురాలికి రొమ్ము క్యాన్సర్ తొలి దశలో బయటపడింది. రిపోర్టులో హెర్2 అని ఏదో రాశారట. ఆమెకు ఇన్సూరెన్స్ లేదు. ఖర్చు తక్కువయ్యే దేశానికి తీసుకెళ్దామా, క్లినికల్ ట్రయల్‌లో చేరిస్తే అంతా ఉచితమేనా? నా రిటైర్మెంట్ సొమ్ములోంచి కొంత పంపాలనుకుంటున్నాను.

జవాబు: ఇలాంటి వార్త విన్న రోజే డబ్బు పంపేయాలనిపిస్తుంది. ఆ తొందర నాకు అర్థమవుతుంది. కానీ ఒక్క వారం ఆగండి, ముందు కాగితాలు తెప్పించండి. నేను డాక్టర్‌ని కాదు. అయినా ఇక్కడ ఖర్చు లెక్క మొత్తం ఒక పరీక్ష ఫలితం మీదే నిలబడి ఉంది కాబట్టి దాని గురించి చెప్పక తప్పదు.

హెర్2 అనేది క్యాన్సర్ కణాలు పెరగడానికి తోడ్పడే ఒక ప్రొటీన్. అది ఎక్కువగా ఉంటే, అంటే హెర్2 పాజిటివ్ అయితే, ట్రాస్టుజుమాబ్ అనే మందు ఇస్తారు. తొలి దశలో మామూలుగా మూడు వారాలకోసారి చొప్పున ఏడాది పాటు నడుస్తుంది. బిల్లులో పెద్ద భాగం తరచుగా ఇదే. బయాప్సీలో గడ్డ నుంచి తీసిన ముక్క మీద చేసే మొదటి పరీక్షలో '2+' వస్తే అవునో కాదో తేలనట్టు. అప్పుడు ఫిష్ అనే ఇంకో పరీక్ష చేయాలి. ఏడాది మందు ఖర్చుతో పోలిస్తే ఈ పరీక్షకయ్యేది చాలా తక్కువ. స్లైడ్లు, బ్లాకులు (ల్యాబ్ దాచి ఉంచే ఆ ముక్క భాగాలు) మరో ల్యాబ్‌కి పంపి రెండో అభిప్రాయం తీసుకోవడానికి కూడా వెనకాడొద్దు. మీరు పెట్టే మొదటి డబ్బు ఇక్కడ పెట్టండి.

ట్రాస్టుజుమాబ్ 2015 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యావశ్యక మందుల జాబితాలో ఉంది. దీనికి బయోసిమిలర్లు, అంటే అసలు మందుతో సమానంగా పనిచేస్తాయని పరీక్షల్లో తేల్చి అనుమతించిన మందులు కూడా వచ్చాయి. వాటి ధర సాధారణంగా తక్కువే. అక్కడి ఆసుపత్రిని 'బయోసిమిలర్‌తో అయితే ఎంత అవుతుంది?' అని అడగమనండి. ఆసుపత్రిలో సోషల్ వర్కర్ గానీ ఆర్థిక సహాయం చూసేవారు గానీ ఉంటే, ఇన్సూరెన్స్ లేనివారికి ఇచ్చే తగ్గింపులు, మందుల కంపెనీల సహాయ పథకాలు వాళ్లకే బాగా తెలుస్తాయి. చాలామంది మొహమాటంతో వాళ్ల దాకా వెళ్లరు.

వేరే దేశం సంగతి. ఆపరేషన్ ఒకసారి వెళ్లి చేయించుకోవచ్చు. ఏడాది పొడవునా మూడు వారాలకోసారి విమానం ఎక్కడం మాత్రం కుదరదు. అక్కడే ఉండిపోతే అద్దె, తోడుగా వెళ్లినవారి జీతం నష్టం, వీసా పొడిగింపు అన్నీ కలుస్తాయి. చౌక అనుకున్నది చౌక కాకుండా పోయేది ఇక్కడే. ఆపరేషన్ ఒకచోట, ఇంజెక్షన్లు ఇంటి దగ్గర అనే ఏర్పాటుకు రెండు చోట్ల డాక్టర్లూ ఒప్పుకుంటారా అన్నది ముందే కనుక్కోండి. ఎస్టిమేట్ రాతపూర్వకంగా తీసుకోండి. అందులో ఏవి కలవవో (ఐసీయూ రోజులు, రక్తం, ఇన్‌ఫెక్షన్ వస్తే అయ్యే ఖర్చు) అవి కూడా రాయించండి.

క్లినికల్ ట్రయల్, అంటే కొత్త మందునో చికిత్సనో రోగులకు ఇచ్చి పరీక్షించే అధ్యయనం, ఉచిత వైద్యం అనుకోవద్దు. పరీక్షిస్తున్న మందు, దానికోసం అదనంగా చేసే టెస్టులు మామూలుగా ట్రయల్ నడిపేవాళ్లే భరిస్తారు. మిగతా సాధారణ వైద్యం ఖర్చు, ప్రయాణాలు చాలాసార్లు రోగి మీదే పడతాయి. ఎవరు ఏది భరిస్తారో సమ్మతి పత్రంలో ఉంటుంది, సంతకానికి ముందు ఆ పేజీ చదవాలి. వెతకడానికి క్లినికల్‌ట్రయల్స్ డాట్ గవ్ ఉంది. అమెరికా ప్రభుత్వ వైద్య గ్రంథాలయం 2000 నుంచి నడుపుతున్న ఈ జాబితాలో చాలా దేశాల ట్రయల్స్ కనిపిస్తాయి. జబ్బు, దేశం ఇచ్చి, ఇప్పుడు రోగులను చేర్చుకుంటున్నవి మాత్రమే చూడండి. జాబితాలో ఉన్నంత మాత్రాన ప్రభుత్వం తనిఖీ చేసి మంచిదని చెప్పినట్టు కాదు. చేరడానికి ఫీజు అడిగితే అడుగు వెనక్కి వేసి, ఆమె క్యాన్సర్ డాక్టర్‌కి చూపించండి. ఇంకో మాట: చికిత్స మొదలయ్యాక కొన్ని ట్రయల్స్‌లో చేర్చుకోరు, కాబట్టి డాక్టర్‌ని ఇప్పుడే అడగాలి. అలాగని ట్రయల్ కోసం నిరూపితమైన చికిత్సను వాయిదా వేయకూడదు. తొలి దశలో ఇది నయమయ్యే అవకాశం బాగా ఉన్న జబ్బు.

ఇక మీ డబ్బు. రిటైర్మెంట్ సొమ్ము ముట్టుకోవద్దనే నా సలహా. మీరు సంపాదన ఆపేశాక దాన్ని మళ్లీ నింపలేరు. మిగతా పొదుపులోంచి, ఆరు నెలల ఇంటి ఖర్చు పక్కన పెట్టాక, తిరిగి రాకపోయినా మీకు నిద్రపట్టే మొత్తం ఎంతో తేల్చుకోండి. దాన్ని అప్పు అనకండి, ఇచ్చేశానని చెప్పండి. స్నేహం మధ్యలో వాయిదాలు పెట్టుకుంటే ఇద్దరికీ బరువే. మొత్తం ఒకేసారి కాకుండా, బిల్లు వచ్చినప్పుడల్లా నేరుగా ఆసుపత్రి ఖాతాకే కట్టండి. ఏడాదిలో మారకం రేటు మారుతుంది, అందుకు కొంత అదనంగా ఉంచుకోండి. ఆమె కోసం ఎక్కడా హామీదారుగా సంతకం చేయొద్దు, ఎందుకంటే ఆ బాకీకి పరిమితి మీ చేతిలో ఉండదు. పంపే ముందు రెండు దేశాల్లో బహుమతి మీద పన్ను నిబంధనలు కూడా చూసుకోండి.

ఈ రాత్రి ఫోన్ చేసినప్పుడు డబ్బు మాట ఎత్తకండి. బయాప్సీ రిపోర్టు ఫొటో తీసి పంపమనండి. అందులో హెర్2 పక్కన ఏం రాసి ఉందో చూసి, అది '2+' అయితే ఫిష్ పరీక్ష చేశారా అని అడగమనండి.