కోడలి తప్పేమీ లేదు

ప్రశ్న: ఏడాదిన్నర దాకా బొమ్మ వీణ పట్టుకుని ఆడిన మా మనవరాలు ఇప్పుడు మాట మానేసి చేతులు నులుముకుంటోంది. రెట్ సిండ్రోమ్, జన్యువులో ఒక్క అక్షరం తేడా అన్నారు. కోడలు కడుపుతో ఉన్నప్పుడు ఏమైనా చేసిందా?
– ఒక నాయనమ్మ, బొబ్బిలి

జవాబు: అమ్మా, కోడలిని ఒక్క మాట అనకండి. ఈ మార్పు దానంతటదే వస్తుంది, ఎక్కువగా తండ్రి వీర్యకణంలో.

రెట్‌లో దెబ్బతినేది సాధారణంగా మెక్‌పీ2 అనే ప్రోటీన్‌ను తయారుచేసే జన్యువే. ఈ ప్రోటీన్ నరాల కణాల్లో డీఎన్‌ఏ మీద మిథైల్ గుర్తులు (డీఎన్‌ఏకు అతికే చిన్న రసాయన గుర్తులు) ఉన్న చోట అతుక్కుంటుంది. తన మరో భాగంతో వేరే ప్రోటీన్లను అక్కడికి రప్పించి, ఆ జన్యువుల జోరు తగ్గిస్తుంది. ప్రోటీన్ అంటే అమైనో ఆమ్లాలనే పూసల గొలుసు. రెట్ ఉన్న కొందరు పిల్లల్లో ఆ గొలుసులో 158వ స్థానంలో త్రియోనిన్ అనే పూస బదులు మిథియోనిన్ ఉంటుంది. అంతే, ప్రోటీన్ మడత వదులై పట్టు సడలుతుంది.

2007లో శాస్త్రవేత్త ఏడ్రియన్ బర్డ్ బృందం ఎలుకల్లో ఆగిపోయి ఉన్న ఈ జన్యువును మళ్లీ పనిచేయిస్తే లక్షణాలు చాలావరకు తగ్గాయి. అంటే కణాలు చనిపోలేదు! మనుషుల్లో జన్యు చికిత్స ఇంకా పరీక్షల దశలోనే ఉంది. ఈలోగా ఫిజియోథెరపీ ఆపకండి. పాప చూపుతో ఏం అడుగుతోందో గమనించండి.