గుంటూరు ఖాళీ ప్లాట్లలో పూసే ఆ చిన్న చామంతి ఏది?

గుంటూరులో ఎండకు బీటలు వారిన ఖాళీ ప్లాటులో, పసుపు బొడ్డు చుట్టూ తెల్ల రేకులున్న చిన్న పువ్వు కనిపించిందని, అది మన నేల మొక్కేనా అని అడిగారు. మీరు చెప్పిన పోలికలను బట్టి అది గడ్డి చామంతి. శాస్త్రీయ నామం ట్రైడాక్స్ ప్రొకంబెన్స్. విజయవాడలో రైలు కట్టల పక్కన, కొండరాళ్ల సందుల్లో కూడా కనిపిస్తుంది.

ఒక పువ్వు తెంపి దగ్గరగా చూడండి. అంచున మీగడ రంగు రేకులు సాధారణంగా ఐదే ఉంటాయి, ఒక్కో రేకు కొస మూడు పళ్లుగా చీలి ఉంటుంది. జానెడు పొడవున్న నూగు కాడ మీద ఒక్కటే పువ్వు. ముదిరాక ఊదితే గింజలు ఈకలతో సహా ఎగిరిపోతాయి. ఆకులు ఎదురెదురుగా, రంపపు అంచుతో, గరుకుగా ఉంటాయి.

చాలామంది దీన్ని గుంటగలగర అనుకుంటారు. అది చెమ్మ నేలది. కాలవ ఒడ్డున, వరి గట్ల మీద వెతకాలి. దాని రేకులు దారాల్లా సన్నగా, బోలెడన్ని. కాండం నలిపితే రసం కాసేపటికి నల్లబడుతుంది. తలనూనె కాచేది దానితోనే కాబట్టి కోసేముందు ఈ ఒక్కటీ చూసుకోండి, చాలు.

ఇక దేశీయమా అంటే, కాదు. గడ్డి చామంతి పుట్టిల్లు అమెరికా ఖండంలోని ఉష్ణమండలం. అయినా పల్లెల్లో చిన్న దెబ్బ తగిలితే దీని ఆకు పసరే పిండుతారు.