దసరా కాగానే సేల్స్ స్టాఫ్ మానేస్తున్నారు, ఎట్లా నిలుపుకోవాలి?

హనుమకొండలో బట్టల షోరూం నడుపుతున్నామని, పాతిక మంది స్టాఫ్ ఉన్నారని, ఏటా దసరా బోనస్ అందుకోగానే సగం మంది వెళ్లిపోతున్నారని, పక్క షాపు కంటే ఐదు వందలు ఎక్కువ ఇచ్చినా ఆగట్లేదని రాశారు. నేను ఈ ఊళ్లోనే చీరల సెక్షన్‌లో సేల్స్‌లో చేరాను. మధ్యలో షాపులు మారాను. ఇప్పుడు ఫ్లోర్ ఇన్‌ఛార్జిగా ఉన్నాను. అందుకని మానేసేవాళ్ల వైపు నుంచి చెబుతాను.

పని మానాలా వద్దా అన్నది మన దగ్గర అమ్మాయి ఒక్కతే తేల్చుకునే విషయం కాదు, అది ఇంట్లో తేలుతుంది. రాత్రి ఆలస్యంగా ఇల్లు చేరితే అత్తమ్మ మొహం మాడ్చుకోవడం, పిల్లాడికి జ్వరమొచ్చిన రోజు సెలవు దొరకక భర్తతో గొడవ, పండుగ పూట కూడా పంపలేదని పుట్టింటివాళ్ల మాటలు... ఇవన్నీ కూడి ఒకరోజు "ఇగ చాలు, మానెయ్" అంటారు. మీకు మాత్రం "ఇంట్లో ప్రాబ్లం సార్" అని ఫోన్ వస్తుంది. ఓనర్లు దాన్ని సాకు అనుకుంటారు. చాలాసార్లు ఆమె చెప్పేది నిజమే. మీరిచ్చే ఐదు వందలు ఆ ఇంటి టెన్షన్ తగ్గించవు. ఆ ఇంటికి ధైర్యం కలిగించే పనులు చేస్తే మనిషి ఉంటుంది.

ముందు బస్సు సంగతి చూడండి. మన స్టాఫ్‌లో చాలామంది పరకాల, నర్సంపేట, హసన్‌పర్తి, ధర్మసాగర్ వైపు పల్లెల నుంచి వస్తారు. 2023 డిసెంబర్ 9 నుంచి ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితమయ్యాక ఇంకా దూరం ఊళ్ల అమ్మాయిలు కూడా పనికి రావడం మొదలుపెట్టారు. కానీ ఛార్జీ లేకపోయినా ఆఖరి బస్సు తప్పితే ఆటోనే దిక్కు. ఆ రోజు కూలీలో పెద్ద ముక్క దానికే పోతుంది, పైగా చీకట్లో ఒంటరి ప్రయాణం. మా దగ్గర ఎవరి బస్సు ఎన్నింటికో కాగితం మీద రాసి బిల్లింగ్ కౌంటర్ లోపలి వైపు అంటించాం. ఊళ్ల నుంచి వచ్చేవాళ్లు పొద్దున అందరికంటే ముందొచ్చి దుమ్ము దులపడం, బొమ్మలకు చీరలు కట్టడం చూసుకుంటారు, సాయంత్రం ఏడున్నరకల్లా బయటపడతారు. క్లోజింగ్ టౌన్‌లో ఉండేవాళ్లది.

బేరం మధ్యలో ఉంటే ఎట్లా అంటారు. చీరలు చూపిస్తున్న అమ్మాయి కస్టమర్‌ను పక్కమ్మాయికి అప్పజెప్పి వెళ్లిపోవచ్చు, ఇన్సెంటివ్ ఇద్దరికీ చెరి సగం. ఈ నియమం పెట్టకపోతే మిగతా ఏర్పాటంతా వృథా. పట్టుచీర అమ్ముడుపోయేటట్టు ఉన్నప్పుడు ఇన్సెంటివ్ వదులుకుని బస్సు కోసం ఎవరు లేస్తారు?

రెండోది బతుకమ్మ. ఎంగిలిపూల నుంచి సద్దుల దాకా తొమ్మిది రోజులు మనకు పీక్ సీజన్. ఊరంతా కొత్త చీర కట్టుకుని ఆడుతుంటే ఆ చీరలమ్మిన ఆడపిల్ల రాత్రి పదకొండు దాకా కౌంటర్ దగ్గర నిలబడి ఉంటుంది. ఏడాది పొడుగునా పడ్డ కష్టం కంటే ఈ ఒక్క బాధకే మానేసినవాళ్లు నాకు తెలుసు. కొత్తగా పెళ్లైన అమ్మాయికైతే మొదటి బతుకమ్మ పుట్టింట్లో ఆడటం ఎంత ముఖ్యమో వేరే చెప్పక్కర్లేదు. సద్దుల రోజు మధ్యాహ్నం తర్వాత ఆడ స్టాఫ్‌ను పంపించేయండి. ఆ సాయంత్రం కొనేవాళ్లు కూడా చెరువు గట్టు మీదనో గుడి దగ్గరనో ఉంటారు కాబట్టి మీకు పోయేది తక్కువే. మిగతా ఎనిమిది రోజుల్లో ఒక్కొక్కరికి ఒక్కో సాయంత్రం వచ్చేటట్టు పట్టిక వేసి, రెండు వారాల ముందే గోడకు పెట్టండి. ముందే తెలిస్తే ఇంట్లో చెప్పుకుంటారు. అప్పటికప్పుడు ఇచ్చే సెలవుకు అంత విలువ ఉండదు.

ఇప్పుడు డబ్బు. ఎంత ఇస్తారన్నదానికంటే ఎప్పుడు ఇస్తారన్నది పెద్ద విషయం. సంఘం కిస్తీకి, చీటీకి, బంగారం లోన్ వడ్డీకి తేదీలుంటాయి. జీతం పదో తారీకు దాటి వస్తే ఆమె ఎవరి దగ్గరో చేబదులు అడగాలి, ఇంట్లో మాట పడాలి. అయిదో తారీకు లోపు పడుతుందని నమ్మకం కుదిరితే ఆ జీతం మీద ఇల్లు ఆధారపడుతుంది, అప్పుడు మానెయ్యమనే మాటే ముందు రాదు. చాలా షాపుల్లో మొదటి నెల జీతం పట్టిపెట్టుకుంటారు, పారిపోకుండా ఉంటారని. దానివల్ల మనిషి ఆగదు, ఆ జీతం, బోనస్ రెండూ చేతికొచ్చే రోజు కోసం లెక్కపెట్టుకుంటూ ఉంటుంది. మీ దగ్గర కూడా అదే ఉంటే ఈ నెలే ఆపేయండి. సీజన్‌లో రాత్రి ఆపిన గంటలకు విడిగా లెక్క కట్టండి. దుకాణాల చట్టం ప్రకారం రోజుకు 8 గంటలు, వారానికి 48, ఆపైన పనికి రెట్టింపు ఇవ్వాలి.

షార్టేజీ కోత గురించి కూడా చెప్పాలి. స్టాక్ లెక్కలో రెండు చీరలు తగ్గితే సెక్షన్ మొత్తం జీతాల్లోంచి కోస్తారు. ఎవరు చేశారో తెలియదు, అందరూ దొంగలే అన్నట్టు. నేను ఒక షాపు వదిలింది ఇందుకే. వివరణ అడగకుండా అలా కోయడాన్ని చట్టమూ ఒప్పుకోదు. సీసీ కెమెరాలో చూసి ఇంటి నుంచి ఫోన్ చేసి "ఆ అమ్మాయి ఎందుకు కూర్చుంది" అని ఓనర్ అడగడమూ అంతే మనసు విరిచేస్తుంది.

కూర్చోవడం అన్నాను కదా. ఒక పెళ్లి బ్యాచ్ వస్తే ఆరుగురు పరుపు మీద కూర్చుని నలభై చీరలు విప్పిస్తారు, "మళ్లీ వస్తాం" అని లేస్తారు. ఆ నలభై చీరలూ అంచుకు అంచు కలిపి, జరీ నలగకుండా, నిలబడే మడతపెట్టాలి. ఇంతలో ఇంకో బ్యాచ్. సాయంత్రానికి పాదాలు వాచి చెప్పులు పట్టవు. దుకాణాల్లో పనిచేసేవాళ్లకు కూర్చునే ఏర్పాటు ఉండాలని కేరళ 2018లో, తమిళనాడు 2021లో చట్టాలు మార్చాయి. మీరు చట్టం కోసం ఆగక్కర్లేదు, సెక్షన్‌కు రెండు స్టూళ్లు కౌంటర్ వెనక వేయించండి. కస్టమర్ లేనప్పుడు కూర్చోవచ్చని అందరి ముందూ మీ నోటితోనే చెప్పండి. మీరు చెప్పకపోతే ఆ స్టూళ్ల మీద బట్టల కట్టలే కూర్చుంటాయి.

చివరగా ఈఎస్‌ఐ (ఉద్యోగుల బీమా), పీఎఫ్. "పీఎఫ్ వద్దు సార్, చేతికే ఇవ్వండి" అని స్టాఫే అంటారు, ఓనర్లూ సరే అంటారు. పాతిక మంది ఉన్నారు కాబట్టి మీకు రెండూ తప్పనిసరే. ఈఎస్‌ఐ 10 మంది నుంచి, పీఎఫ్ 20 మంది నుంచి వర్తిస్తాయి. ఈఎస్‌ఐకి జీతంలోంచి 0.75 శాతం పోతుంది, మీరు 3.25 శాతం కడతారు. మా సెక్షన్‌లో ఒకామెకు కాన్పు దగ్గరపడింది. ఇంట్లో మానెయ్యమన్నారు. ఈఎస్‌ఐ కింద 26 వారాల జీతం వస్తుందని, అది షాపు కాకుండా ఈఎస్‌ఐనే ఇస్తుందని వాళ్లాయనను పిలిపించి కూర్చోబెట్టి చెప్పాను. ముందు నుంచి చందా కట్టి ఉండటంతో డబ్బు ఆమె ఖాతాలో పడింది. పాపను అమ్మ దగ్గర ఉంచి మళ్లీ వచ్చింది, ఇప్పుడు కొత్తవాళ్లకు పని నేర్పేది ఆమే. పీఎఫ్ కూడా ఊరికే కోస్తే అర్థం కాదు. ఆరు నెలలకోసారి ఫోన్‌లో పాస్‌బుక్ తెరిచి, ఆమె వాటా ఇంత, షాపు వాటా ఇంత అని చూపించండి. స్క్రీన్‌షాట్ తీసుకెళ్లి ఇంట్లో చూపిస్తారు.

మగపిల్లల సంగతి కొంచెం వేరు. గోడౌన్‌లో, ప్యాకింగ్‌లో ఉన్నవాళ్లు హైదరాబాద్‌కు డెలివరీ పనికి పోతుంటారు. వాళ్లను ఆపలేం. కొందరు అక్కడి రూం రెంటు చూసి తిరిగొస్తారు, ముఖం చిట్లించకుండా తీసుకోండి.

ఇంతా చేసినా కొందరు వెళ్తారు. పెళ్లై ఊరు మారతారు, గీసుకొండ వైపు టెక్స్‌టైల్ పార్కులో పని దొరుకుతుంది. వెళ్లేవాళ్ల లెక్క తిప్పించుకోకుండా అదే వారం తేల్చి ఇచ్చేయండి. మేం అలా ఇస్తున్నప్పటి నుంచి వెళ్లినవాళ్లే చెల్లెలినో, పక్కింటి అమ్మాయినో వెంటబెట్టుకుని వస్తున్నారు. "స్టాఫ్ కావలెను" బోర్డు మా షట్టర్ మీద కట్టక చాలా కాలమైంది.