ఫ్రిజ్ అప్పుడే అమ్మేయకు

చిట్టితల్లీ,

రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. అల్లుడికి అమెరికా వీసా ఇంటర్వ్యూలో 221(జి) కాగితం ఇచ్చారట, అదే, ఇంకా కాగితాలు కావాలి, వీసా ఇప్పుడే ఇవ్వలేం అని. అది తేలకముందే నువ్వు రాజీనామా ఇచ్చి, మియాపూర్ ఫ్లాట్ ఖాళీ చేస్తానంటున్నావట. మన ఇంటి ఆడపిల్ల అంత దూరం వెళ్తోందని పొంగిపోయిన మాట నిజమే. కానీ రాత్రంతా కంటి మీద కునుకు లేదు.

వాళ్లడిగిన కాగితాలు వెంటనే పంపండి. ఏడాది దాటితే మళ్లీ ఫీజు కట్టి మొదటికి రావాలి. వెబ్‌సైట్‌లో 'రెఫ్యూజ్డ్' అని కనిపిస్తే ఏడుపు మొదలుపెట్టకు, ఈ కాగితం ఇచ్చినవాళ్లకు అలాగే చూపిస్తుంది. వీసా ఇచ్చాక 'ఇష్యూడ్' అని మారుతుంది. లోపల మనవాళ్లున్నారనే ఏజెంటుకు రూపాయి ఇవ్వకు. టికెట్లు పాస్‌పోర్ట్ చేతికొచ్చాకే. చిలుకూరు వెళ్లి 11 ప్రదక్షిణలు చేసిరా, వద్దనను. 108 మాత్రం వీసా వచ్చాకే, తొందరపడి కాళ్లనొప్పులు తెచ్చుకోకు.

ఇక నా సంగతి విను. 2001లో హైదరాబాద్‌లో అమెరికా కాన్సులేట్ ఎక్కడిది? బేగంపేటలోని పైగా ప్యాలెస్‌లో తెరిచింది 2008లో. మీ నానక్‌రామ్‌గూడ భవనం 2023 నాటిది. మీ పెద్దనాన్న చార్మినార్ ఎక్స్‌ప్రెస్‌లో మద్రాసు వెళ్లి, మర్నాడు తెల్లవారకముందే జెమినీ ఫ్లైఓవర్ దగ్గర అక్కడి కాన్సులేట్ ముందు లైన్లో నిలబడ్డారు. ఆయన ఉద్యోగం అప్పటికే మానేశారు. ఆయన రైలెక్కగానే నేను గ్యాస్ కనెక్షన్ సరెండర్ చేసి, ఆవకాయ జాడీలు పంచిపెట్టి, ఫ్రిజ్ పై వాటా ఆవిడకి అమ్మేశాను. ఎంత హుషారో! ఆయన ఒక కాగితం పట్టుకుని తిరిగొచ్చారు.

అయిదు నెలలు మా అన్నయ్య ఇంట్లో ఉన్నాం. ఒకరోజు పాత ఇంటివైపు వెళ్తే, పై వాటా ఆవిడ మా ఫ్రిజ్ తీసి చల్లటి నీళ్లిచ్చింది. తలుపు మీద మీ అక్క అంటించిన చిలక బొమ్మ అలాగే ఉంది. తాగాను, వచ్చేశాను. ఆ రాత్రి అన్నం దగ్గర, వదిన వింటుండగానే అనేశాను: "మీరే అక్కడ ఏదో తప్పు చెప్పుంటారు." ఆయన మాట్లాడలేదు. సగం తిన్న కంచంలో చెయ్యి కడుక్కుని లేచిపోయారు. అయిదో నెలలో కంపెనీ కూడా ఉద్యోగం లేదని రాసేసింది. ఇప్పటికీ పేపర్లో వీసా వార్త కనిపిస్తే ఆయన పేజీ తిప్పేస్తారు. నేను చూడనట్టు కూర్చుంటాను.

అందుకే చెప్తున్నా మొద్దూ, అల్లుడు గుమ్మంలో అడుగు పెట్టగానే "మెయిల్ వచ్చిందా" అనకు. వస్తే అతనే చెప్తాడు, ఆగలేడు. ఆ ప్రశ్న అడగాలని నోరు దురదపెడితే నాకు ఫోన్ చెయ్యి, అర్ధరాత్రయినా సరే. ఉద్యోగం మాత్రం వదలకు. హెచ్4 మీద, అంటే అతని భార్యగా నీకిచ్చే వీసా మీద దిగాక పని చేయాలంటే వేరే అనుమతి కావాలి, అది అందరికీ రాదు. నీ జీతం నీ చేతిలో ఎన్నాళ్లుంటే అన్నాళ్లు ఉండనీ.

ఆదివారం ఇద్దరూ భోజనానికి రండి. గుత్తి వంకాయ చేస్తాను. వీసా మాట ఎత్తొద్దని మీ పెద్దనాన్నకు చెప్పాలా అనుకున్నాను. ఆయనకు చెప్పక్కర్లేదులే.

మీ పెద్దమ్మ