ఒకే గడిలోని అంకెకు మూడు జవాబులెందుకు వస్తున్నాయి?

మీరడిగింది: ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల జనాభా పట్టికలో 'నల్లగొండ స్త్రీలు' అన్న ఒక్క గడితో లెక్క కడితే 0.23, 0.46, 0.50 అని మూడు జవాబులొస్తున్నాయి, ఏది కరెక్టు అని. మూడూ కరెక్టే. ప్రశ్నలు వేరు, అంతే.

2011 జనగణన అంకెలు ఇవి:

నల్లగొండ: పురుషులు 17,59,772, స్త్రీలు 17,29,037, మొత్తం 34,88,809
మహబూబ్‌నగర్: పురుషులు 20,50,386, స్త్రీలు 20,02,642, మొత్తం 40,53,028
రెండూ కలిపి: పురుషులు 38,10,158, స్త్రీలు 37,31,679, మొత్తం 75,41,837

ముందు చివరి వరుస మీరే కూడి చూసుకోండి. అడ్డంగా కూడినా నిలువుగా కూడినా 75,41,837 రాకపోతే ఎక్కడో ఒక అంకె తప్పుగా ఎక్కినట్టే.

ఇక అసలు సంగతి హారం. లవం మూడు ప్రశ్నలకూ 17,29,037 మాత్రమే. రెండు జిల్లాల జనంలోంచి ఒకరిని తీస్తే 'నల్లగొండ మనిషి, పైగా స్త్రీ' అయ్యే సంభావ్యతకు హారం 75,41,837, జవాబు 0.229. 'నల్లగొండ వారిలోంచి' అంటే హారం ఆ అడ్డు వరుస మొత్తానికి కుదించుకుపోతుంది: 34,88,809తో భాగిస్తే 0.496. 'స్త్రీలలోంచి ఒకరిని తీస్తే నల్లగొండ వారు' అంటే నిలువు వరుస మొత్తం 37,31,679, జవాబు 0.463. ప్రశ్నలో '-లోంచి', 'అయితే' అన్న మాటల కింద గీత గీయండి, హారం అక్కడే దొరుకుతుంది.

'లేదా' వచ్చినచోట ఎక్కువమంది బోల్తా పడతారు. నల్లగొండ లేదా స్త్రీ: 34,88,809కి 37,31,679 కలిపి వదిలేస్తే నల్లగొండ స్త్రీలను రెండుసార్లు లెక్కేసినట్టు. 17,29,037 తీసేయాలి. మిగిలిన 54,91,451ని మొత్తంతో భాగిస్తే 0.728. సరిచూడాలంటే, ఇందులోకి రానిది మహబూబ్‌నగర్ పురుషులే: 1 − 0.272.

జిల్లా, లింగం స్వతంత్రమా (అంటే ఒకటి తెలిసినా రెండోదాని సంభావ్యత మారదా) అని అడిగితే, నల్లగొండ వాటా (34,88,809/75,41,837), స్త్రీల వాటా (37,31,679/75,41,837) గుణించి చూడాలి: 0.4626 × 0.4948 = 0.2289. పైన వచ్చిన అసలు విలువ 0.2293. దాదాపు స్వతంత్రమే, కచ్చితంగా కాదు. ఇక్కడ రెండు దశాంశాలకే కుదిస్తే తేడా కనబడదు, నాలుగు ఉంచండి.

2016లో జిల్లాలు విడిపోయాయి కదా, ఇప్పటి నల్లగొండ అంకెను ఈ పట్టికలో పెట్టొద్దు. సూర్యాపేట, యాదాద్రి భువనగిరి అప్పట్లో నల్లగొండలోనే ఉండేవి.

బోరు నీళ్ల ఫ్లోరైడ్ పట్టికల గురించీ అడిగారు. ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఆ నీళ్లు తాగడానికి పనికిరావు. వరుసలు '1.0–1.5', '1.5–3.0' అని ఉంటే సరిగ్గా 1.5 వచ్చిన బోరు ఏ వరుసలో పడిందో ముందు తేల్చుకోండి. 50 బోర్లలో 12 హద్దు దాటాయనుకుందాం: 12/50 = 0.24. ఇది బోరు దాటే సంభావ్యత, ఊరి మనిషి ఆ నీళ్లు తాగే సంభావ్యత కాదు. ఒక బోరు మీద పది ఇళ్లు, ఇంకోదాని మీద వంద ఇళ్లు ఆధారపడి ఉండొచ్చు. వరుసగా రెండు బోర్లు తీస్తే రెండూ దాటినవయ్యే అవకాశం 12/50 × 11/49 = 0.054. రెండోసారీ 12/50 వేయొద్దు, మొదట తీసిన బోరు మళ్లీ జాబితాలో ఉండదు. జనగణన పట్టికలో లక్షలు కాబట్టి ఈ తేడా పట్టించుకోనక్కర్లేదు. యాభై బోర్ల దగ్గర మాత్రం జర చూసుకోవాలి.