ఐసీఈ గొడవల మధ్య అమ్మాయిని అమెరికా పంపాలా?

ప్రశ్న: మాది గుంటూరు. మా అమ్మాయి బీటెక్ కంప్యూటర్ సైన్స్ పూర్తి చేసింది. అమెరికాలో ఎం.ఎస్.కి రెండు యూనివర్సిటీల నుంచి అడ్మిషన్ వచ్చింది. టీవీ పెడితే ఐసీఈ (అమెరికా వలస చట్టాలను అమలు చేసే సంస్థ) అరెస్టులు, వాటికి వ్యతిరేకంగా ఊరేగింపులు. చాలా టెన్షన్‌గా ఉంది. రెండో యూనివర్సిటీలో చేరిన రోజు నుంచే బయట ఉద్యోగం చేసుకోవచ్చని, లోన్ దాంతోనే తీరిపోతుందని కన్సల్టెన్సీ వాళ్లు అంటున్నారు. పంపమంటారా?

జవాబు: మొదటి యూనివర్సిటీ అయితే పంపవచ్చండి. రెండోది మాత్రం వద్దు.

ఐసీఈ అంటే ఇళ్ల మీద పడి పట్టుకెళ్లేవాళ్లే అనుకుంటున్నాం. విదేశీ విద్యార్థుల వివరాలుండే సెవిస్ అనే డేటాబేస్‌ను నడిపేదీ ఆ సంస్థే. అమ్మాయి కోర్సు, అడ్రస్, చేసే పని అన్నీ అందులో నమోదవుతాయి. అంటే టీవీలో సోదాలు చూపించినా చూపించకపోయినా ఆమె చదువుకీ ఐసీఈకీ సంబంధం ఉంటుంది.

ఆ సంస్థను రద్దు చేయాలని కొందరు, చట్టాన్ని అమలు చేస్తుంటే తప్పేమిటని మరికొందరు అక్కడ ఏళ్లుగా వాదించుకుంటున్నారు. అది తేలేదాకా మనం ఆగలేం. అలాగని భయపడాల్సిందేమీ లేదని చెప్పి మిమ్మల్ని మభ్యపెట్టను. 2025లో వేలమంది విద్యార్థుల సెవిస్ రికార్డులు ఉన్నట్టుండి రద్దు చేశారు. అందులో చిన్న ట్రాఫిక్ కేసులున్నవాళ్లూ ఉన్నారు. నా దృష్టిలో అది అన్యాయం. పిల్లలు కోర్టులకు వెళ్లారు, ఏప్రిల్ నెలాఖరుకి ప్రభుత్వం రికార్డులను పునరుద్ధరించడం మొదలుపెట్టింది. క్లాసులు, అటెండెన్స్ సక్రమంగా ఉన్న పిల్లకి అలాంటప్పుడు చెప్పుకోవడానికి ఒక ఆధారమైనా ఉంటుంది.

ఆ ఆధారాన్నే రెండో యూనివర్సిటీ తీసేస్తుంది. మిషిగన్‌లో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ గుర్తుందా? క్లాసుల్లేవు, లెక్చరర్లు లేరు. సీపీటీ (చదువుతుండగానే కోర్సులో భాగంగా బయట పని చేసే అనుమతి) పేరుతో ఉద్యోగాలు చేసుకోవచ్చని చేరినవాళ్లే చాలామంది. తీరా దాన్ని రహస్యంగా నడిపింది ఇమిగ్రేషన్ అధికారులే. 2019 జనవరిలో ఆ సంగతి బయటపడింది. పట్టుబడినవాళ్లలో అత్యధికులు భారతీయులు, వాళ్లలో మన తెలుగు పిల్లలు చాలామంది. అంతకుముందు 2011లో కాలిఫోర్నియా ట్రై వ్యాలీ వ్యవహారంలో మన పిల్లల కాళ్లకు రేడియో ట్యాగులు తగిలించారు. ఆ రెండు వ్యవహారాల్లోనూ అలా జరుగుతుందని తల్లిదండ్రులకు ముందే చెప్పినవాళ్లు లేకపోయి ఉండొచ్చు. మీకు నేను చెబుతున్నాను.

మీ కన్సల్టెన్సీ చెప్పేది ఫార్మింగ్టన్ లాంటిదేనని నేననను. సీపీటీ చట్టంలో ఉన్నదే. కానీ ఫుల్‌టైమ్ సీపీటీ 12 నెలలు వాడుకుంటే అదే స్థాయి చదువుకి ఓపీటీ (చదువయ్యాక అక్కడ ఉద్యోగం చేసే అనుమతి) పోతుంది. మీ అమ్మాయిది స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, మ్యాథ్స్) కోర్సు కాబట్టి, చదువయ్యాక 12 నెలల ఓపీటీ, దానిమీద మరో 24 నెలలు దొరికే అవకాశం ఉంది. ఆ మూడేళ్లనీ పోగొట్టుకోవడమెందుకు?

లోన్ లెక్కలో చదువుకునే కాలంలో వచ్చే జీతాన్ని అసలు వేయకండి. సెమిస్టర్ నడుస్తున్నప్పుడు క్యాంపస్‌లో వారానికి 20 గంటలే పని చేయనిస్తారు. ఆ డబ్బు తిండికీ బస్సుకీ సరిపోతే గొప్ప. పొలం అమ్మితేగానీ కుదరదంటే ఈ ఏడాది ఆపించి, ఇక్కడే ఉద్యోగంలో చేర్చండి. అడ్మిషన్ వాయిదా వేస్తారేమో యూనివర్సిటీని అడగవచ్చు.

వీసాకి నింపే డీఎస్-160 ఫారంలో గత ఐదేళ్లలో వాడిన సోషల్ మీడియా ఖాతాలన్నీ రాయాలి. ఏదీ దాచవద్దని అమ్మాయికి చెప్పండి.

డిపాజిట్ కట్టకముందే మొదటి యూనివర్సిటీ విదేశీ విద్యార్థుల ఆఫీసుకి అమ్మాయి చేతే మెయిల్ రాయించండి. క్లాసులు నేరుగా ఎన్ని, సీపీటీ ఎప్పటి నుంచి, సెవిస్‌లో సమస్య వస్తే ఎవరిని కలవాలి అని అడిగించండి. జవాబు ఆ ఆఫీసు నుంచే రావాలి, కన్సల్టెన్సీ నుంచి కాదు.